కాలువ వచ్చింది, మిల్లు రాలేదు

మన సంఘం ప్రత్యేక సంచికకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి పంచవర్ష ప్రణాళికల గురించి, అవి మన గుంటూరు, ప్రకాశం జిల్లాలకు ఏమి చేశాయో వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు మొదట వద్దన్నాను. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. 1964లో తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, ముప్పయ్యేడేళ్ళు రెవిన్యూ కాగితాలు తిప్పి, 2001లో పదవీ విరమణ చేసినవాణ్ణి. "మీ చేతిమీదుగా పోయిన కాగితాల గురించే వ్రాయండి" అన్నారాయన. ఆ మాట సబబుగా తోచింది. ఢిల్లీలో ఎంత పెద్ద ఆలోచన చేసినా, అది చివరికి మా బల్ల మీదికి ఒక పర్మిటుగానో, జాబితాగానో, తాకీదుగానో దిగవలసిందే గదా.

తేదీలు ముందు చెప్పి పక్కన పెడతాను. మొదటి పారిశ్రామిక విధాన తీర్మానం 1948 ఏప్రిల్ 6న వచ్చింది. ప్రణాళికా సంఘం 1950 మార్చి 15న ఏర్పడింది. పరిశ్రమల నియంత్రణ చట్టం 1951లో చేశారు. దానితో ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా లైసెన్సు కావలసి వచ్చింది. 1956 ఏప్రిల్ 30 నాటి రెండవ తీర్మానం పరిశ్రమలను మూడు తరగతులుగా విడగొట్టింది. పదిహేడు రకాలు పూర్తిగా ప్రభుత్వం బాధ్యత, పన్నెండింటిలో ప్రభుత్వమూ ప్రైవేటువారూ, మిగిలినవి ప్రైవేటువారికి. అదే ఏడు రెండవ ప్రణాళిక మొదలైంది. దానికి ఆకారం ఇచ్చినవారు మహలనోబిస్ గారు. ముందు యంత్రాలు చేసే యంత్రాలు, ఉక్కు, భారీ పరిశ్రమలు. జనానికి కావలసిన గుడ్డ, సబ్బు వంటివి చాలావరకు చేతివృత్తుల నుంచి, చిన్న పరిశ్రమల నుంచి రావాలి. ఇదీ క్లుప్తంగా ఆ లెక్క. ఆనాటి ఆర్థికవేత్తల బృందంలో బి.ఆర్. షెనాయ్ గారొక్కరు 1955లోనే అసమ్మతి వ్రాసి ఇచ్చారు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఆ లెక్కలో మా ఇల్లు కూడా ఉంది. మాది చీరాల పక్క పల్లె. మా నాన్న గుంటమగ్గం మీద నేసేవాడు, మా అమ్మ ఆసు పోసేది. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు, 2022లో చీరాల మళ్ళీ బాపట్ల జిల్లా అయింది. మా ఊరు కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది.

నాకు తెలివి వచ్చేనాటికి ఇంట్లో వినపడే మాట నూలు. యుద్ధం రోజుల్లో వచ్చిన నూలు కంట్రోలు ఒకసారి ఎత్తేశారు, మళ్ళీ పెట్టారు. కార్డు మీద ఇచ్చే చిలపలు నెలలో పది రోజుల నేతకు వచ్చేవి. 1952లో సంగతి తిరగబడింది. నేసిన గుడ్డ కొనే దిక్కు లేకపోయింది. మద్రాసు రాష్ట్రమంతటా మగ్గాలు ఆగిపోయాయి. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ గారు ధోవతులు, చీరెలు చేనేతకే వదిలిపెట్టాలని కేంద్రాన్ని గట్టిగా అడిగారు. కేంద్రం అంతదూరం పోలేదు గాని, మిల్లులు నేసే ధోవతులను నూటికి అరవై వంతులకు తగ్గించింది. 1953లో మిల్లు గుడ్డ మీద గజానికి మూడు పైల పన్ను వేసి, ఆ సొమ్ము ఖాదీకి, చేనేతకు కేటాయించారు. మూడు పైలంటే అణాలో నాలుగో వంతు, మనవాళ్ళ భాషలో ఒక కానీ. ఆ కానీ పన్నుతోనే సంఘాలకు పెట్టుబడి, రిబేటు వచ్చాయి. 1955లో కార్వే కమిటీ గుడ్డలో పెరగవలసిన వాటా చేతిపనివారికే ఉండాలని సిఫారసు చేసింది, మిల్లుల్లో మగ్గాలు పెంచవద్దన్నారు. మా నాన్న సహకార సంఘంలో చేరాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ రిబేటు రోజులను మంచి రోజులనే చెప్పాడు. అలాగే, మగ్గం లేని సంఘాలు కాగితం మీద పుట్టి రిబేటు తిన్న సంగతీ ఆయనే చెప్పేవాడు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పక తప్పదు. 1952లో ప్రభుత్వం చెయ్యి అడ్డం పెట్టాలని కోరిన రాజాజీయే, 1959లో లైసెన్సు, పర్మిట్ల రాజ్యం పోవాలని స్వతంత్ర పార్టీ పెట్టారు. ఆ పార్టీకి మొదటి అధ్యక్షులు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారు. నాగపూరు కాంగ్రెసులో ఉమ్మడి సేద్యం తీర్మానం చేశారని ఆయన కాంగ్రెసు వదిలారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తిరిగి కాంగ్రెసులోకి వచ్చి 1980, 1984, 1989లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. చీరాల నేతవారి పక్షాన నిలిచిన ప్రగడ కోటయ్య గారు మాత్రం మగ్గానికి రక్షణ కావాలనే జీవితమంతా పోరాడారు. మా ఇంట్లో రంగా గారి మాటా గౌరవంగానే వినేవారు, కోటయ్య గారి మాటా వినేవారు. రైతుకు కంట్రోలు చేటు, నేతవాడికి కంట్రోలే దిక్కు. ఒకే జిల్లాలో, ఇరవై మైళ్ళ దూరంలో ఈ రెండూ నిజమే. ప్రణాళిక వ్రాసినవారికి ఈ చిక్కు ఎంత తెలుసో నాకు తెలియదు గాని, మాకు తెలుసు.

ఇప్పుడు సాగరు సంగతి. నా మట్టుకు నాకు ప్రణాళిక అంటే నాగార్జునసాగరే.

కృష్ణా నీళ్ళను దక్షిణంగా పెన్నకు, అక్కడి నుంచి తమిళ జిల్లాలకు మళ్ళించే ఆలోచన మద్రాసు ప్రభుత్వం చేస్తున్న రోజులవి. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి చూసి ఆ స్థలం బాగుందని చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్ర, హైదరాబాదు వేర్వేరు రాష్ట్రాలు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు రెండు కాలువలకూ నీళ్ళు వదిలారు. కుడి కాలువకు నెహ్రూ గారి పేరు, ఎడమ దానికి లాల్ బహదూర్ గారి పేరు. కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు, దాని కింద సుమారు 11 లక్షల ఎకరాలు, అన్నీ మన రెండు జిల్లాలవే.

ఆనకట్టను కాంక్రీటుతో గాక రాతితో కట్టడం కూడా ప్రణాళికలో భాగమే. సిమెంటు, ఉక్కు, యంత్రాలు కరువు; పనికి మనుషులు మాత్రం కొల్లలు. అందుకని వేలాదిమంది కూలీలు రాయి మోసి కట్టారు. రాతి ఆనకట్టలలో అంత ఎత్తయినది ప్రపంచంలో లేదన్నారు. దేశానికి ఉన్నదేమిటి, లేనిదేమిటి అని చూసుకుని చేసిన పని అది. ప్రణాళిక అన్న మాటకు అంతకంటె మంచి ఉదాహరణ నేను చూడలేదు.

అయితే నీళ్ళ పంపకం కథ వేరు. లోకలైజేషన్ అన్న మాట మన వయసువారందరికీ తెలుసు, పిల్లల కోసం చెబుతాను. ఏ సర్వే నంబరు మాగాణి, ఏది ఆరుతడి, ఏది కాలువకు బయట అన్నది ముందే నిర్ణయించి జాబితా వేయడమే లోకలైజేషన్. మాగాణి అంటే వరి. ఆరుతడి అంటే పత్తి, మిరప, వేరుశనగ, జొన్న వంటివి. ఒక ఎకరం వరికి పోయే నీళ్ళు రెండెకరాలకు పైగా ఆరుతడికి సరిపోతాయి. కుడి కాలువ కింద ఎక్కువ భాగం ఆరుతడి అనే పెట్టారు. నీళ్ళు కొద్దిమందికి బాగా ఇవ్వడం కంటె ఎక్కువమందికి కొద్దికొద్దిగా ఇవ్వాలి, అద్దంకి, దర్శి దాకా చేరాలి అన్నది ఉద్దేశం. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనపడదు.

ఆ జాబితాలు శుభ్రప్రతి తీసిన చేతుల్లో నా చేయి ఒకటి. గ్రామం, సర్వే నంబరు, పట్టాదారు, ఎకరాలు, సెంట్లు, తరగతి. రాత్రి కిరసనాయిలు దీపం కింద కూడా వ్రాశాం. కరణం చావడిలో చదివి వినిపించేవాడు. మాగాణి పడ్డవాడి ముఖం ఒక విధంగా, ఆరుతడి పడ్డవాడి ముఖం ఇంకో విధంగా ఉండేది. పైగా జాబితాలో పడని గట్టు పక్కవాడు ఆ గట్టునే చూస్తూ నిలబడేవాడు.

నీళ్ళు వచ్చాక ఎగువవారు ఆరుతడి నంబర్లలో వరి వేశారు. వేయక ఏమి చేస్తారు? తరతరాలుగా జొన్నన్నం తిన్నవాడి గుమ్మంలోకి కాలువ వచ్చింది. తనింట్లో తెల్లన్నం వండాలని ఎవరికి ఉండదు? జమాబందిలో పెనాల్టీ తీరువా వేశాం, కట్టారు. పెనాల్టీ కట్టినా వరే లాభం. తూములు పెద్దవయ్యాయి. లస్కరు ఒక్కడు ఏమి చేయగలడు? చివరి మేజర్ల కింద కాలువ తవ్వి ఉంది, గట్టు ఉంది, బోర్డు ఉంది, నీళ్ళు లేవు.

డెబ్బయ్యవ దశకంలో అటువంటి చివరి ఊళ్ళు ఉన్న ఒక కచేరీలో పనిచేశాను. ఆ ఊరి పేరు, కచేరీ పేరు చెప్పను. తీరువా తాకీదులు పోయాయి. ఒక పెద్దాయన తాకీదు పట్టుకుని నడిచి వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి, "అబ్బాయా, నీ కాగితంలో నీళ్ళు పారతన్నయ్యి, నా చేలోకి రాలా" అన్నాడు. కోపం లేదు, చెబుతున్నాడంతే. కంది, ఆముదం వేశాడు, వాన మీద పండించాడు. నేను మాఫీకి నోటు వ్రాసి పెట్టాను. పైనుంచి ఒకే ప్రశ్న వచ్చింది: సదరు భూమికి నీరు అందుబాటులో ఉన్నదా, లేదా? మా రికార్డు ప్రకారం కాలువ తవ్వడం పూర్తి అయితే నీరు అందుబాటులో ఉన్నట్టే. "ఉన్నది" అని నేనే వ్రాశాను. అబద్ధం కాదు, రికార్డు అది. మాఫీ రాలేదు. ఆయన తీరువా కట్టాడు. ఆ ఒక్క మాట వ్రాయకుండా ఇంకో నాలుగు వాక్యాలు వ్రాసి, "కాలువ ఉన్నది, నీరు రాలేదు" అని పంపి ఉంటే ఏమయ్యేదో. బహుశా ఏమీ అయ్యేది కాదు. అయినా వ్రాసి ఉండవలసింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పెద్దాయనే.

సిమెంటు సంగతి కొంచెం నవ్వు తెప్పిస్తుంది. పల్నాటి సున్నపురాయి మీద ఆధారపడి మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలి పరిశ్రమలలోకి వచ్చిన వెలగపూడి రామకృష్ణ గారి సంస్థ అది. రెండవ ప్రణాళికలో మన ప్రాంతానికి వచ్చిన పెద్ద ఫ్యాక్టరీ అంటే అదే చెప్పుకోవాలి. ఆ పొగ కనపడే ఊళ్ళవాడు కూడా ఇల్లు కట్టుకోవాలంటే సిమెంటు పర్మిటుకు దరఖాస్తు పెట్టుకుని కచేరీ చుట్టూ తిరగవలసిందే. ఇరవై బస్తాలు అడిగితే ఎనిమిది వ్రాసేవాళ్ళం. ఎనిమిదే వస్తాయని తెలిసి జనం నలభై అడగడం నేర్చుకున్నారు, మేము ఆ నలభైని చూసి ఆరు వ్రాయడం నేర్చుకున్నాం. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఆ కంట్రోలు పోయింది. దాచడమెందుకు, మా బావమరిది దరఖాస్తు ఒకటి నేను వరుస తప్పించి పైన పెట్టాను. డబ్బు తీసుకోలేదు. కాని ఆ వరుసలో ఎవరో ఒకరు కిందికి జరిగి ఉంటారు గదా.

ఇక మిల్లుల విషయం. మన నేలలో పండేవన్నీ వాణిజ్య పంటలే, కాని పండినది పండినట్టే బయటికి పోతుంది. వర్జీనియా పొగాకు చూడండి. ఐ.ఎల్.టి.డి. కంపెనీ 1912లోనే గుంటూరు జిల్లాలో అడుగుపెట్టింది. రైతు బ్యారన్ కట్టి, ఆకు కాల్చి, గ్రేడు చేసి ఇస్తే అది ఇంగ్లండు పోయేది. 1957 నాటి విదేశ మారకపు కొరతలో దేశానికి పౌండ్లు తెచ్చిన సరుకుల్లో మన ఆకు ఒకటి. భిలాయి కొలిమికి మన బ్యారన్ కూడా ఒక పుల్ల వేసిందని నేను సరదాగా అంటుంటాను. పొగాకు బోర్డు మాత్రం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా వచ్చింది, 1985లో మన రాష్ట్రంలో వేలం కేంద్రాలు మొదలయ్యాయి. మిరప గురించి చెప్పేదేముంది, గుంటూరు యార్డు పేరు దేశమంతటా తెలుసు. కాని ప్రణాళిక పత్రాలలో మిరపకాయను వెతికితే దొరకదు. ప్రణాళిక సాయం లేకుండానే పెరిగిన వ్యాపారం అది. లాం ఫారం వారి జి-4 వంటి రకాలే దానికి ప్రభుత్వం చేసిన నిజమైన మేలు.

పత్తి అలా కాదు. సాగరు ఆరుతడి లేకపోతే డెబ్బయ్యవ దశకపు పత్తి లేదు. పాత కాకినాడ రకం పత్తి వానాధారం మీద మన నల్లరేగడిలో ఎప్పటి నుంచో ఉంది. కాలువ వచ్చాక ఎం.సి.యు.-5, వరలక్ష్మి వంటి పొడుగు పింజ రకాలు వచ్చాయి. అంతకుముందు దేశం అటువంటి పత్తిని ఈజిప్టు, సూడాను దేశాల నుంచి కొనేది. ఆ విధంగా మన రైతు విదేశ మారకం మిగిల్చాడు. 1970లో భారత పత్తి సంస్థ వచ్చింది. ఆ తర్వాత మందుల మీద మందులు కొట్టడం, 1984లో తెల్లదోమ, 1987-88లో పచ్చపురుగు, ప్రకాశం జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు. పండించమని చెప్పేందుకు ప్రభుత్వంలో చాలామంది ఉన్నారు. పురుగు పట్టిన ఏడు అప్పులో వాటా పంచుకునేందుకు ఎవరూ లేరు.

అంత పత్తి పండితే నూలు మిల్లులు ఎందుకు రాలేదు? పత్తి బేళ్ళు లారీల మీద కోయంబత్తూరు పోయేవి, నూలు చిలపలై చీరాల వచ్చేవి. రెండు కిరాయిలూ నేతవాడి గుడ్డ మీదే పడేవి. తప్పంతా లైసెన్సుదేనని ఇప్పుడు చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. కోయంబత్తూరుకు పైకారా కరెంటు 1930ల మొదట్లోనే వచ్చింది. మనకు మాచ్‌ఖండ్ కరెంటు 1955లో గాని పుట్టలేదు. మరో సంగతి, అక్కడ మిల్లులు పెట్టినవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ళు ఎందరో ఉన్నారు. కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్లు 1910లో స్థాపించారు, అప్పటికి లైసెన్సూ లేదు, ప్రణాళికా లేదు. మన దగ్గర పొగాకులో వచ్చిన డబ్బు మళ్ళీ పొలంలోకి, బ్యారన్లలోకి, వడ్డీలోకి, కొంత మద్రాసు పోయి సినిమాల్లోకి వెళ్ళింది. మంచి సినిమాలే వచ్చాయనుకోండి. ప్రభుత్వం తరఫున సహకార నూలు మిల్లులు పెట్టే ప్రయత్నం జరిగింది. చీరాలలో పెట్టిన మిల్లు కూడా చివరికి మూతపడింది.

భారీ పరిశ్రమలు హైదరాబాదుకు, విశాఖకు వచ్చాయి గాని మన జిల్లాలకు రాలేదు. అయినా విశాఖ ఉక్కు కోసం 1966లో నిరాహారదీక్ష పట్టిన అమృతరావు గారు మన తాడికొండవారు. తన జిల్లాకు రాని ఫ్యాక్టరీ కోసం ప్రాణం పణం పెట్టినాయన గురించి నేటి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారో లేదో.

1991 జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చి చాలా పరిశ్రమలకు లైసెన్సు తీసేశారు. ఆ తర్వాతే చిలకలూరిపేట, గణపవరం చుట్టూ నూలు మిల్లులు వరసగా లేచాయి. రంగా గారి వాదం గెలిచిందని నా స్నేహితుడొకరు అంటారు. ఆ మిల్లులకు పత్తి ఇచ్చిన చేలకు నీళ్ళు ఎక్కడివి అని నేను అడుగుతాను. ఆయన నవ్వి ఊరుకుంటారు. మా వాదం ఇప్పటికీ తేలలేదు. మా పల్లెలో మాత్రం మగ్గాలు తగ్గిపోయాయి. చేనేతకు 22 రకాల గుడ్డలు కేటాయిస్తూ 1985లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించేనాటికి మా నాన్న మగ్గం గుంట పూడ్చి దాని మీద మంచం వేసుకున్నాం.

ప్రణాళికా సంఘం కూడా పోయింది, 2015 జనవరి 1న దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. లోకలైజేషన్ జాబితా చిత్తుప్రతి ఒకటి, నా దస్తూరీతోనే ఉన్నది, నా ట్రంకుపెట్టెలో మిగిలింది. పనికిరాదని కచేరీలో పారవేస్తుంటే తెచ్చుకున్నాను. సాగరు కాలువల డివిజన్లలో పనిచేసిన మన సభ్యులు ఎవరైనా చివరి మేజర్ల కింద నీళ్ళు మొదట ఏ సంవత్సరం చేరాయో ఖాయంగా చెప్పగలిగితే, సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క వ్రాయవలసిందిగా ప్రార్థన. జాబితాలో ఆ పెద్దాయన సర్వే నంబరు పక్కన ఖాళీ ఉంది. అక్కడ వేసుకుంటాను.